ఎంగిలి కుంచె

పాతపట్నం బస్టాండులో నా పాత శిష్యుడొకడు ఎదురై, "మీ గురువుగారు పోనారు మేస్టారూ, ఆ స్టూడియో ఆయన. మూడు దినాలైనాది" అన్నాడు. నేను బాధపడతానని కాబోలు, నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. నాకు బాధ కలగలేదు. నోట్లో చేదు ఊరింది. పక్కకు వెళ్ళి ఉమ్మేసి వచ్చాను. పోయినవాడి కబురు వినగానే ఉమ్మడం తప్పని నాకు తెలుసు. ఆ కుర్రాడు మాత్రం పాపం, నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని పరుగెత్తి సోడా తెచ్చిచ్చాడు.

ఆ మనిషి గురించి మంచి చెప్పుకోవాలంటే ఒకటే ఉంది. ఫోటోలు అచ్చయ్యే బ్రోమైడు కాగితం మీద నలుపునూ తెలుపునూ ఆయనలా పలికించినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. మిగతాదంతా రోత. ఆ రోతలో కొంత నాది కూడా.

అరవైల చివరి సంవత్సరాలవి. నేను శ్రీకాకుళంలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. ఇరవై ఏడేళ్ళు. పెళ్ళి కాలేదు. నాలా బొమ్మ వేసేవాడు ఆ చుట్టుపక్కల లేడన్న పొగరు నిండా ఉండేది. ఎవరో దాత మా బడికి ఒక కెమెరా, ఫోటోలు పెద్దవి చేసే పాత ఎన్లార్జరూ ఇచ్చాడు. హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, "బొమ్మలు వేస్తారు కదా, ఇది కూడా నేర్చుకుని పిల్లలకు చూపించండి" అన్నారు. ఊళ్ళో ఫోటోల పని బాగా తెలిసినవాడు ఆయన ఒక్కడే. వెళ్ళి అడిగాను. నా వేళ్ళు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మలేసే సెయ్యి. నాకూ పనికొస్తాది. ఆదివారాలు రండి" అన్నాడు.

స్టూడియోలో వీధి వైపు గది చూస్తే దణ్ణం పెట్టాలనిపించేది. వెనక తెర మీద రాజుగారి తోట, పాలరాతి మెట్లు. చెక్కుడు చేతుల కుర్చీ. గోడకు అద్దం, దాని కింద దువ్వెన, పౌడరు డబ్బా. ఆ గదిలో ఆయన కూడా ఇస్త్రీ పంచెలో, నుదుట విభూతితో ఉండేవాడు. వచ్చినవాళ్ళను "రా మావా", "కూకో తల్లీ" అంటూ వరస కలిపి పిలిచేవాడు.

తెర దాటితే డార్క్‌రూమ్. ఒకప్పుడు అది వంటగది. పొయ్యి గట్టు మీదే మందుల ట్రేలు పరిచి ఉండేవి. కిటికీకి తారు కాగితం అంటించాడు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లోపల ఒక్క ఎర్రబల్బే గతి. బొమ్మను కాగితం మీద నిలబెట్టే హైపో మందు వాసన, పొగాకు వాసన, పాచిపోయిన అన్నం వాసన కలిసి గొంతులో కూర్చునేవి. ఆయన భోజనం అక్కడే. డెవలపర్ ట్రే పక్కనే కంచం. డెవలపర్లో ముంచిన చెయ్యి పంచెకు తుడుచుకుని అదే చేత్తో ముద్ద కలిపేవాడు. గోళ్ళు నల్లగా, పుచ్చిన పళ్ళలా ఉండేవి. కాగితాలు కడిగే తొట్టిలోనే కిళ్ళీ ఉమ్మేవాడు. "పారే నీలే కదా, పోతాది" అనేవాడు.

కాగితానికి మందు పూసిన వైపేదో చీకట్లో తెలుసుకోవడానికి ఆయన నాలిక వాడేవాడు. మూలన తడి నాలిక ఆనిస్తే మందు ఉన్న వైపు అతుక్కుంటుంది. ఎర్రదీపం వెలుతుర్లో మెరుపును బట్టి కూడా తెలుస్తుందని నేనంటే, "మెరుపు మోసం సేస్తాది. నాలిక సెయ్యదు" అన్నాడు. కడిగిన ప్రింటులో హైపో పూర్తిగా పోయిందా లేదా అన్నదీ నాలికతోనే. ఒకరోజు ప్రింటు అంచు నాకి, "ఇంకా తీపున్నాది" అని నా నోటి ముందు పెట్టాడు. "నాకి సూడండి."

వద్దన్నాను.

"అసయ్యమా? అయితే బొమ్మలేసుకోండి మేస్టారూ, ఇది మీవల్ల కాదు."

ఆయన నాకిన చోటే నాకాను. నిజమే, తియ్యగా ఉంది. ఆ తీపి కింద ఆయన పొగాకు ఉంది.

కాగితం మీద దీపం ఎన్ని సెకండ్లు వెలగాలో లెక్కపెట్టడానికి గడియారం వాడేవాడు కాదు. తనకు గిట్టనివాళ్ళ పేర్లు ఒకే తూకంలో చదివేవాడు. "కరణం... మునసబు... పెద్ద బావ... సిన్న బావ... కాంపౌండరు..." పేరుకొక సెకండు. పల్చటి నెగెటివు అయితే, "దీనికి ముగ్గురెదవలు సాలు" అనేవాడు. దట్టంగా ఉంటే పదిమంది. గడియారం పెట్టి చూశాను, ఒక్క సెకండు తేడా రాలేదు. కొన్నాళ్ళకు నేనూ అవే పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళ మీద నాకే కోపమూ లేదు.

ఇక కుంచె. ప్రింటు మీద తెల్ల చుక్కలు, గీతలు సరిచేసే సన్నటి కుంచె. దాన్ని నీళ్ళలో ముంచడం నేనెప్పుడూ చూడలేదు. నోట్లో పెట్టి, పెదాల మధ్య మొన తేల్చి, సిరా అంటించి చుక్క పెట్టేవాడు. మళ్ళీ నోట్లోకి. గోడకు వేలాడే ఫోటోల వైపు చూపించి, "ఈ వూరి పెద్దమనుసుల మొకాలన్నీ నా ఎంగిలే" అని నవ్వేవాడు. ఆ నవ్వుతో పళ్ళ మధ్య సిరా కనిపించేది.

ముందు గదిలో "తల్లీ" అని పిలిచిన మనిషి గురించే లోపలికొచ్చి ఏం మాట్లాడేవాడో రాయడానికి నాకు చెయ్యి రాదు. ఎర్రదీపం కింద ఆమె మొహం మందులోంచి తేలుతుండగా మొదలుపెట్టేవాడు. కొత్తగా పెళ్ళయిన రైతు కుర్రాడు, వాడి పెళ్ళాం భయంభయంగా కూర్చుని తీయించుకున్న ఫోటో మీద ఆయన అన్న మాట ఒకటి ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ మాటకు నేను నవ్వాను. నవ్వకపోతే నేర్పడేమోనని మొదట నవ్వాను. తర్వాత తర్వాత నవ్వు దానంతటదే వచ్చేది.

ఎందుకు భరించావంటే, ఆ తెల్ల కాగితం కోసం. ఏమీ లేని కాగితాన్ని మందులో వేస్తే, ముందు కనుబొమలు, తర్వాత జుట్టు, తర్వాత చొక్కా మడత, చివరికి బుగ్గ మీద నీడ వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఆగలేక ట్రేని గబగబా ఊపాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ట్రేని ఊపించాడు. "తొందరెందుకు? ఉయ్యాల్లో పిల్లని ఊపినట్టు ఊపండి." ఆ చెయ్యి జిగటగా ఉంది. అయినా విడిపించుకోలేదు.

అలా ఆరేడు నెలలు గడిచాక ఒక ఆదివారం పొద్దున్న కళింగపట్నం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. చేపలు పట్టేవాళ్ళ ఇంటివాళ్ళు. ఒకామె ముసలిది, చూపు సరిగ్గా ఆనదు. రెండో ఆమె కోడలు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, చంకలో ఏడాదిన్నర పిల్లవాడు. ముసలామె కొడుకు నూకయ్య ఎనిమిది రోజుల కింద వేటకు వెళ్ళి మునిగిపోయాడు. శవం దొరకలేదు.

"ఏసంగి ఎండల్లో జాతరకొచ్చి ఈడ ఫోటో దిగినాడంట బాబూ" అంది ముసలామె. "తెస్తాను తెస్తాను అన్నాడు, తేనేదు. ఆ ఫోటో ఇప్పించు. ఆడి మొకం ఇంట్లో ఎక్కడా నేదు."

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఓలమ్మా, నూకయ్యా! నాకెందుకు గుర్తు నేడు? అందగాడు కదా తల్లీ. కూకో, కూకో." ఆమె చేతులు పట్టుకుని చెక్కుడు కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత, మాటల్లో పెట్టి, కొడుకు గురించి అడగడం మొదలుపెట్టాడు. మీసం ఉండేది కదా? జుట్టు రింగులేనా? ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. తన కుడి కనుబొమ మీద వేలు పెట్టి, "ఇక్కడ మచ్చ బాబూ. సిన్నప్పుడు తెడ్డు తగిలి సీలిపోనాది. నానే పసుపు అద్దినాను" అంది.

"వచ్చే ఆదివారం రండి. పెద్దదిగా తీసి, ఫ్రేము కట్టి ఇస్తాను" అన్నాడు ఆయన.

వాళ్ళు వెళ్ళాక, "నెగెటివు ఉందా?" అని అడిగాను.

"ఎక్కడిది? ఎప్పుడో ఉడకబెట్టీసినాను" అన్నాడు. ఎవరూ వచ్చి తీసుకోని ఫోటోల గాజు నెగెటివు ప్లేట్లను ఆయన చాకలి సోడా నీళ్ళలో ఉడికించి, మందు గీకి పారేసి, ఆ గాజును ఫ్రేములకు వాడుకుంటాడు. జాతర ప్లేట్లన్నీ అలాగే పోయాయి.

"మరి ఏం చేస్తారు?"

ఆయన అల్మారాలోంచి ఒక ప్లేటు తీసి వెలుతురుకు ఎత్తిపట్టాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే మనిషట. అత్తారింటికి వచ్చినప్పుడు తీయించుకున్నాడు. మీసం, రింగుల జుట్టు. "ఈడు సరిపోతాడు. మచ్చ మీరెయ్యండి. బొమ్మలేసే సెయ్యి కదా."

"ఇది తప్పు కదండీ" అన్నాను. అన్నానని చెప్పుకోవడానికి అన్నట్టే అన్నాను.

"తప్పేటి? ముసిల్దానికి కల్లు కనపడవు. కొడుకు నేడు. ఓ మొకం కావాలి. ఇస్తన్నాం. మీకు సేతకాకపోతే సెప్పండి, నానే ఏసుకుంటాను."

చేతకాకపోవడం అన్న మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. నెగెటివు మీద నల్లగా వేసిన గీత ప్రింటులో తెల్లగా వస్తుంది. అంత చిన్న కనుబొమ మీద, పాత గాయపు గీతను, అటూ ఇటూ కాస్త వంకరతో వెయ్యాలి. మొన సన్నగా రావాలంటే నీళ్ళు చాలవు. కుంచెను నోట్లో పెట్టుకున్నాను. అది ఆయన కుంచె. ఆ సంగతి గీత పూర్తయ్యాక గాని గుర్తుకురాలేదు.

తర్వాత లెన్సు కింద పల్చటి తెల్లగుడ్డ అడ్డం పెట్టి మొహాన్ని కొంచెం మసకబార్చాను. గుడ్డ ఉంది కనక తొమ్మండుగురు. కరణం నుంచి మొదలుపెట్టి తొమ్మిది పేర్లు చదివి దీపం ఆపాను. కాగితాన్ని మందులో ఊపాను. ఆ మొహం తేలింది. నేనెప్పుడూ తీయనంత గొప్ప ప్రింటు. కళ్ళలో తడి ఉన్నట్టు, ఇప్పుడే పిలిస్తే పలికేట్టు ఉన్నాడు. కనుబొమ మీద మచ్చ పుట్టినప్పటినుంచీ ఉన్నంత సహజంగా ఉంది.

ఆయన చాలాసేపు చూశాడు. ఎన్నడూ మెచ్చుకోని మనిషి, చెయ్యి పంచెకు తుడుచుకుని నా భుజం మీద వేశాడు. "ఇదీ ప్రింటంటే. ఇంక మీకు నేర్పడానికి నా కాడ ఏటీ నేదు."

నేను సంతోషించాను. ఆయన చేసినవన్నీ ఒక ఎత్తు, ఆ క్షణాన నాకు కలిగిన ఆ సంతోషం ఒక ఎత్తు. అదే నాకు ఈనాటికీ అన్నిటికంటే అసహ్యం.

ఆదివారం అత్తాకోడళ్ళు వచ్చారు. ముసలామె ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని, మొహం దగ్గరగా వంచి, వేలితో తడిమింది. మచ్చ దగ్గర వేలు ఆగింది. "వచ్చినావా నాయనా" అని గాజు మీద బుగ్గ ఆనించి ఏడ్చింది. కోడలు ఏడవలేదు. నిలబడి చూస్తూ ఉంది.

"మచ్చ ఇటుపక్క కాదు" అంది నెమ్మదిగా. "ఆడికి కుడికంటి మీద. ఇది ఎడంకంటి మీదున్నాది."

నెగెటివును మందు ఉన్న వైపు నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది. అంతా నేర్చుకున్నాననుకున్న నాకు ఆ చిన్న సంగతి ఒంటబట్టలేదు. ఆయనకు ప్రింటు చూసినప్పుడే తెలిసి ఉంటుంది. పట్టించుకోలేదు.

"ఫోటో అంతేనమ్మా" అన్నాడు ఆయన, తడుముకోకుండా. "అద్దంలో సూసుకుంటే తిరగబడతాదా నేదా? అలగే."

"నోర్ముయ్యే, నా కొడుకుని నాను ఎరగనా?" అని ముసలామె కోడల్ని కసిరింది. వెళ్ళేముందు ఆయన చేతుల్లో ఎండు నెత్తళ్ళ మూట పెట్టి దణ్ణం పెట్టింది. నాకూ పెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఆయన డార్క్‌రూమ్‌లో ఆ నెత్తళ్ళు కాల్చుకుని తిన్నాడు. ఆ ఎండు చేపలు కాలే కంపు హైపోతో కలిసి లేచింది. "తినండి మేస్టారూ, ఇందులో సగం మీ కుంచెదే" అన్నాడు, వేళ్ళు చీకుతూ. నేను బయటికొచ్చి మురిక్కాలవ దగ్గర వాంతి చేసుకున్నాను. మళ్ళీ ఆదివారం మామూలుగానే వెళ్ళాను. వాంతి చేసుకున్నందుకు నా పాపం కొంత పోయిందనుకున్నాను కాబోలు.

ఆ ఆదివారం కోడలు ఒక్కతే వచ్చింది, పిల్లవాణ్ణి ఎత్తుకుని. తెర దగ్గర నిలబడింది.

"ఆ ఫోటోలో ఉన్నోడు ఎవుడు?" అని అడిగింది.

"నీ మొగుడే" అన్నాడు ఆయన.

"నా మొగుడి మొకం నాకు తెల్దా? మా అత్త రోజూ దీపం పెడతన్నాది. నా గుంటడి సేత దణ్ణం పెట్టిస్తన్నాది. అయ్య, అయ్య అని పలకమంటాది. ఈడు పలుకుతన్నాడు. రేపు పెద్దయితే ఎవుడి మొకాన్ని అయ్య అనుకుంటాడు ఈడు?"

ఆయన నవ్వాడు. "అయితే ఎల్లి మీ అత్తకి సెప్పు, అది నీ కొడుకు కాదని. నానొద్దన్నానా?"

ఆ పిల్ల నా వైపు తిరిగింది. నా చేతుల నుంచి మందు నీళ్ళు కారుతున్నాయి.

"మీరు సదువుకున్నోరు. పిల్లలకి సదువు సెప్పీవోరు. మీరు సెప్పండి బాబూ. ఆడు ఎవుడు?"

"మీ ఆయనేనమ్మా" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. కాళ్ళకు ఏదో అంటుకుంటే ఏమిటా అని చూసే చూపు అది. పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని వెళ్ళిపోయింది.

రెండు వారాలు స్టూడియోకు వెళ్ళలేదు. మూడో ఆదివారం కళింగపట్నం బస్సెక్కాను. నూకయ్య ఇల్లు అడిగితే ఎవరో చూపించారు. తాటాకు ఇల్లు, ముందు ఇసకలో చేపలు ఆరబోసి ఉన్నాయి. లోపల గోడకు నా ప్రింటు. మందారాల దండ. మిల్లులో గోనెలు మోసుకుంటూ బతికున్న మనిషి మెడలో చనిపోయినవాడి దండ. స్టూడియో నుంచి వచ్చానని చెప్పగానే ముసలామె పోల్చుకుని, చాప వేసి కూర్చోబెట్టి, "ఈ బాబేరా మీ అయ్యని ఇంటికి తెచ్చినాడు" అని మనవడికి చెప్పింది. పిల్లవాడు నాకూ ఫోటోకూ వరసగా దణ్ణం పెట్టాడు. లేచి వాకిట్లోకి వచ్చాను.

బయట కోడలు చేపలు తిరగేస్తోంది. ఆమె దగ్గర చతికిలపడి మొత్తం చెప్పాను. ప్లేటు ఉడకబెట్టడం, మిల్లు మనిషి, మచ్చ వేసింది నేనేనన్నదీ. ఆమె చెయ్యి ఆగలేదు.

"తెల్సు. మీరు అబద్దమాడినప్పుడే తెలిసిపోనాది" అంది.

"నూకయ్య ఎలా ఉండేవాడో నువ్వు చెప్పు తల్లీ. ఎన్ని రోజులైనా సరే, వచ్చి కూర్చుని వేస్తాను. నీకు సరిపోయిందాకా వేస్తాను. నీ కొడుక్కి చూపించు."

ఆమె అప్పుడు తలెత్తింది. "వొద్దు బాబూ. మీరేస్తే అదే నిలిచిపోద్ది. నా కంట్లో ఉన్నోడు పోతాడు. మీ సెయ్యి వొద్దు."

నేను లేచి వచ్చేశాను.

మర్నాడు బడి వదిలాక స్టూడియోకు వెళ్ళి ఆయనకు చెప్పాను, నిజం చెప్పేశానని. ఆయన కొత్త కాగితం మూల నాలిక ఆనిస్తున్నాడు. తల తిప్పలేదు.

"మీ కాల్లో ముల్లు తీసి ఆ పిల్ల కాల్లో గుచ్చొచ్చినారు. ఇప్పుడు మీకు సుకంగా ఉన్నాదా?"

అంత రోత మనిషి నోట్లోంచి అంత సరిగ్గా ఆ మాట రావడమే నేను క్షమించలేకపోయాను. ఆ తర్వాత ఆ తెర లోపలికి అడుగు పెట్టలేదు. బడిలో చిన్న డార్క్‌రూమ్ కట్టుకున్నాం. అక్కడ అన్నిటికంటే ముందు నేను పెట్టింది కుంచె ముంచుకోవడానికి ఒక గ్లాసుడు నీళ్ళు. అయినా అక్కడి నుంచి బయటికొచ్చిన ప్రతి మంచి ప్రింటులోనూ ఆయన ఉన్నాడు. నా చేతికి ఆ పని వచ్చింది ఆయన చేతి నుంచే.

నాలుగైదేళ్ళు గడిచాయి. ఒకరోజు చేపల బజార్లో నూకయ్య భార్య కనిపించింది. గంప ముందు కూర్చుని బేరమాడుతోంది. నన్ను చూసి తనే పలకరించింది. ముసలామె పోయిందట, అంతకు ముందు శీతాకాలంలో.

అడగలేక అడిగాను, ఆ ఫోటో సంగతి.

"మా అత్త బతికున్నన్నాల్లూ గోడకే ఉంచినాను. రోజూ దండ నానే ఏసినాను" అంది. "ఆవిడ్ని గోతిలో పెట్టినప్పుడు గుండెల మీద పెట్టీసినాను. ఆవిడ కొడుకుని ఆవిడతోనే పంపించీసినాను. నా గుంటడికి వాల్ల అయ్య గురించి నానే సెప్పుకుంటాను."

ఇంకెవరో బేరానికి వచ్చారు. ఆమె అటు తిరిగింది.

ఇంటికి పోతూ స్టూడియో ముందు నుంచే పోవాలి. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఇస్త్రీ పంచె, విభూతి, అంతా అలాగే. అన్నేళ్ళుగా మాట లేదు. ఆ రోజు ఆగి, ఆమె చెప్పినదంతా చెప్పాను. వింటే ఎక్కడో ఏదో కదులుతుందని ఆశ పడ్డాను. ఆయన చివరిదాకా విన్నాడు. కిళ్ళీ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు.

"ఫ్రేముతోనేనా పెట్టీసింది?" అన్నాడు.

"అవును."

"అయ్యో. మంచి టేకు అది" అని పక్కకు ఉమ్మాడు.

మా ఇద్దరి మధ్యా అదే ఆఖరి మాట.